రెండు పూటల పలకరింపు

మా పెళ్ళయిన మొదటి వానాకాలంలో ఆ ఇంటికి ఇద్దరం కొత్తగా వచ్చాం. ముందు నేను, నెల తిరక్కుండా మా వదిన. నేను పెళ్ళి చేసుకుని వచ్చాను. వదిన, ఆవిడ మాటల్లోనే చెప్పాలంటే, "దుకాణం ఎత్తేస్తూ ఎవరి సామాను వాళ్ళు పట్టుకుపొమ్మంటే" వచ్చింది.

అప్పట్లో నాకు అన్నీ ముచ్చటే. ఇంటి తాళంచెవి నాకూ ఒకటి ఇస్తే దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. గిన్నెలన్నిటికీ మూతలు సరిగ్గా సరిపోతే సంబరపడ్డాను. పాలు పొంగకుండా మొదటిసారి దించినప్పుడు కలిగినంత గర్వం డిగ్రీ పాసైనప్పుడు కూడా కలగలేదు. మేముండేది పరుపుల దుకాణం పైన, రెండో అంతస్తులో. రెండు గదులు, వంటిల్లు, వాటి పక్కన మనిషి అడ్డంగా పడుకోవడానికి సరిపోయే చిన్న గది, వీధి వైపు రేకుల కప్పుతో ఒక వసారా. వాన మొదలైతే ఆ రేకుల చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. అందుకని మా ఆయన నా చెవిలో నోరు పెట్టి మాట్లాడేవారు. వాన ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని.

మా ఆయన కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేసేవారు. సాయంత్రం ఇంటికొస్తే చొక్కా చేతుల మీద సన్నటి అద్దాల పొడి మెరిసేది. అత్తయ్య చొక్కాలకి కాజాలు కుట్టేది. వీధి చివరి కార్ఖానా నుంచి కట్టలు కట్టలుగా చొక్కాలు వచ్చేవి. బొత్తాములుండేవి, కాజాలుండేవి కాదు. గుడ్డలో సన్నటి కత్తితో కాటు పెట్టడం, దాని చుట్టూ దారం తిప్పడం. ఆవిడ కిటికీలోంచి వీధిని చూస్తూ కుట్టేసేది. ఆ వేళ్ళకే కళ్ళున్నాయేమో అనిపించేది నాకు.

మా ఆయన చెవి వెనక నుంచి మెడ మీదికి ఒక సన్నటి గీత దిగి ఉంటుంది. పెళ్ళికి ముందు అడిగితే సైకిలు మీంచి పడ్డానన్నారు. నాకు ఆ గీత కూడా ముద్దొచ్చేది. ఒక సాయంత్రం వసారాలో, వాన వెలిశాక, దాని మీద వేలు పెట్టి రాస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఇది సైకిలు కాదు."

"మరి? మోటారు సైకిలా?"

"అక్క."

"అక్క మీంచి పడ్డారా?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"అమ్మ కత్తెర. అప్పుడు నేను చదువుకుంటున్నాను. అక్కకి మనసు బాగాలేదు. నేను నేను కాదని, నా మొహం పెట్టుకుని ఎవరో ఇంట్లో తిరుగుతున్నారని అనుకుంది. నాతో ఆగలేదు, అడ్డం వచ్చిన పక్కింటాయనకి కూడా తగిలింది. కోర్టు వాళ్ళు పెద్దగోడల ఆసుపత్రికి పంపించారు."

అక్క ఉందనీ, దూరంగా ఉంటుందనీ, ఆరోగ్యం అంతంత మాత్రమనీ పెళ్ళికి ముందే నాకు చెప్పారు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు.

"ఇప్పుడు అక్కడ తాళాల వార్డులు ఎత్తేస్తున్నారు," అన్నారు. "నెమ్మదించిన వాళ్ళని ఇళ్ళకి పంపి, దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో చూపించుకోమంటున్నారు. ఈ వానాకాలం మన దగ్గర ఉంచుకుని చూడాలి. కాలం పోయేసరికి డాక్టరు చూసి, సరే అంటే ఇక్కడే. కాదంటే ఇంకో ఆసుపత్రి ఉంది, చాలా దూరం. అక్కడికి వెళ్ళిన వాళ్ళు తిరిగి రావడం నేనైతే వినలేదు. నీకు భయమైతే చెప్పు."

భయమే. అయినా చెవిలో నోరు పెట్టి అడిగితే దేనికైనా సరేననే రోజులు అవి. "మీ అక్క అయితే నాకు వదినే కదండీ," అన్నాను.

*

తీసుకురావడానికి ముగ్గురం వెళ్ళాం. ఒక తలుపు మన వెనక మూసుకుంటేగానీ ముందు తలుపు తెరుచుకోని చోటు అది. మా ఆయన గేటు దగ్గర సంతకాలు పెడుతూ ఉండిపోయారు. అత్తయ్య ఒక్కతీ లోపలికి వెళ్ళి, ఒక చేత్తో వదిన మోచెయ్యి పట్టుకుని, ఇంకో చేతిని కొంగు కింద దాచుకుని బయటికొచ్చింది. ఆ కొంగు కింద ఏముందో నేనడగలేదు. కూతురి బట్టలేవో అనుకున్నాను.

వదిన మా ఆయన కంటే పొడుగు. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. వ్యానులో నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వెవరు?"

"మీ తమ్ముడి భార్యని."

"ఎన్నాళ్ళైంది లోపలికొచ్చి?"

"నెల కాలేదు వదినా."

"ఏం నేరం చేశావు?"

"పెళ్ళి," అన్నాను.

ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసి, "దానికి అప్పీలు కూడా ఉండదు," అంది. మా ఆయన పగలబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. అత్తయ్య మాత్రం కూతురి మోచెయ్యి వదల్లేదు.

మొదటి రోజులు ఎంత బాగుండేవో! ఉప్పు ఎక్కడుందో నాకూ తెలీదు, ఆవిడకీ తెలీదు. ఇద్దరం కలిసి డబ్బాలన్నీ తీసి వాసన చూసేవాళ్ళం. మూసిన తలుపు కనిపిస్తే ఆవిడ దాని ముందు నిలబడిపోయేది, ఎవరో వచ్చి తీయాలన్నట్టు. "తోయ్ వదినా, నీదే," అనేదాన్ని. తోసేది. తెరుచుకుంటే "ఓహో" అనేది, ప్రతిసారీ కొత్తగా. నన్ను "కొత్తపిల్లా" అని పిలిచేది. మెట్ల కింద ఆకుపచ్చ గొడుగు ఆరబెట్టి ఉంటే, అలాంటి రంగు చూసి ఎన్నాళ్ళయిందో అని దాని కిందకి దూరి కూర్చుంది. నేనూ దూరాను. పరుపుల దుకాణం ఆయన వచ్చి, "అమ్మా, అది నా గొడుగు, కాస్త ఇప్పిస్తారా, నేను ఇంటికెళ్ళాలి," అంటే ఇద్దరం సిగ్గుతో చచ్చి, పైకొచ్చి నవ్వుకున్నాం.

అత్తయ్య నవ్వేది కాదు. ఇంట్లో కత్తెర లేకుండా చేసింది. దారం పళ్ళతో తెంపేది. కాజాలు కోసే చిన్న కత్తిని మాత్రం మానలేదు కదా, దాన్ని తాడుకి కట్టి మెళ్ళో వేసుకుని తిరిగేది. నిద్రలో కూడా గుప్పిట్లో ఉండేది. వదిన దాన్ని చూడనట్టే ఉండేది.

ఒకటి మాత్రం నాకు వింతగా ఉండేది. ఆ ఇంట్లో మా ముగ్గురి మధ్య వదిన జబ్బు మాట వచ్చేదే కాదు. కూరలో ఉప్పెక్కువైతే చర్చ, కార్ఖానా వాళ్ళ కక్కుర్తి మీద చర్చ. ఆవిడ గురించి నోరెత్తితే అత్తయ్య కళ్ళతోనే కొడుకుని ఆపేది. నన్ను చూపించి, "కొత్తగా వచ్చిన పిల్ల. నాలుగు రోజులు నవ్వనివ్వరా," అనడం ఒకసారి గోడవతల నుంచి విన్నాను. నా కోసం దాస్తున్నారని మురిసిపోయాను కూడా.

*

వానలు ముదిరేసరికి వదిన మారిపోయింది.

ముందు నడక. కాళ్ళెత్తి వెయ్యడం పోయి, నేలకి రాస్తూ నడిచేది. తర్వాత చేతులు. గ్లాసు అందుకుని, నోటి దాకా తీసుకెళ్ళే దారిలో మర్చిపోయినట్టు గాల్లోనే ఆపేసేది. మాట ముద్దగా తయారైంది. పెదవి చివర తడి జారుతుంటే నేను తుడిచేదాన్ని. మనిషి మొద్దుబారిపోయింది అనుకుంటే, కుదురుగా కూర్చోలేకపోయేది. కిటికీ నుంచి తలుపుకి, తలుపు నుంచి కిటికీకి, ఒంట్లో ఏదో తరుముతున్నట్టు రోజంతా ఆ రాసుకునే అడుగులే. కింద దుకాణం ఆయన ఒకసారి పైకొచ్చి, "ఏమైనా సామాను జరుపుతున్నారా అమ్మా?" అని అడిగి వెళ్ళాడు.

జోకులు లేవు. "ఓహో" లేదు.

"తిరగబెడుతోంది," అంది అత్తయ్య వంటింట్లో, నా వైపు చూడకుండా. "అప్పుడూ ఇలాగే మొదలైంది. ముందు నిద్ర, తర్వాత తిరుగుడు."

"క్లినిక్‌లో చెబుదాం అత్తయ్యా."

"చెబితే? తీసుకుపోతారు. ఉన్నదానితో నెట్టుకురానీ."

క్లినిక్ నుంచి వారానికోసారి నర్సమ్మ స్కూటర్ మీద వచ్చేది. వానకోటు మెట్ల మీదే విప్పి దులిపి, పైకొచ్చి, వదిన చెయ్యి వంచి చూసి, కళ్ళలోకి చూసి, అత్తయ్యని ఒకటే అడిగేది. "మందు సరిగ్గా పడుతోందా అమ్మా?"

"ఒక్కరోజు తప్పలేదు తల్లీ."

అదే మాట మా ఆయన క్లినిక్‌కి వెళ్ళినప్పుడు ఆయన్నీ అడిగేది. ఆయనా అదే చెప్పేవారు. ఇద్దరిదీ నిజమే.

"మందు పడుతూ కూడా ఇలా ఉందంటే..." అని నర్సమ్మ ఆ మాట పూర్తి చేసేది కాదు.

ఒక మధ్యాహ్నం నేను అన్నం వారుస్తుంటే వదిన వచ్చి గిన్నెకి రెండోవైపు పట్టుకుంది, సాయానికని. పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే బిగుసుకుపోయింది. వదలమన్నా వదల్లేదు. గుంజాను. గంజి నా పాదం మీద పడింది. నేను పెట్టిన కేకకి అత్తయ్య పరిగెత్తుకొచ్చి, మెళ్ళో కత్తి గుప్పిట్లో పట్టుకుని, మా ఇద్దరి మధ్యా నిలబడింది. ఎటువైపు మొహం పెట్టి నిలబడిందో చూశాను. కూతురి వైపు.

"గిన్నె పట్టుకుందంతే అత్తయ్యా! నన్నేం చెయ్యలేదు!"

ఎవరు వింటారు? వదిన కళ్ళు మాత్రం కదిలాయి. కత్తి మీదికి వెళ్ళి, నా పాదం మీదికి వచ్చి, నేల మీదికి దిగిపోయాయి. ఆవేళ నుంచి ఆవిడ గదికి బయటి నుంచి గడియ పడింది. మేం బిగించిన గడియే. మేకులు మా ఆయనే కొట్టారు. వాన పడుతోంది, ఆయన నా చెవి దగ్గరికి రాలేదు.

మా అమ్మకి ఫోన్ చేశాను. "కాలు ఎలాగూ కాలింది, కళ్ళు కూడా పోగొట్టుకుంటావా? వచ్చెయ్యవే!" అంది. బట్టల సంచీ తీసి మంచం మీద పెట్టాను. మా ఆయన చూసి, "వెళ్తే నేనేం అనుకోను," అన్నారు. ఆ గొంతు వినలేక సంచీ మళ్ళీ పైన పెట్టేశాను. పెట్టాక మాత్రం ఏడ్చాను. పెళ్ళయి పట్టుమని ఒక కాలం కూడా గడవలేదు, ఇంట్లో నలుగురం నాలుగు గోడల్లా తయారయ్యాం.

నర్సమ్మ నా పాదానికి మందు రాస్తూ చెప్పేసింది. "వచ్చే వారం డాక్టరుగారు వస్తున్నారు. ఇది నేను చెప్పక తప్పదు. ఈ కట్టు చూశాక, ఆవిడ నడక చూశాక, ఆయనైనా ఏం చెయ్యగలరు?"

అత్తయ్య కాజా కుట్టడం ఆపలేదు. కుట్టిందే మళ్ళీ కుడుతోంది.

*

ఆ తర్వాతి రోజు వాన కాస్త తెరిపి ఇచ్చింది. కింద కొట్లో రంగు రంగుల చప్పరింపు బిళ్ళలు కొన్నాను. అంత బాధలోనూ నారింజ రంగు బిళ్ళ చూస్తే నాకు నోరూరింది, ఏం చెప్పను! ఒకటి నోట్లో వేసుకుని, గడియ తీసి, వదిన మంచం పక్కన కూర్చున్నాను. ఒకటి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ దాన్ని చూడలేదు. నోట్లో వేసుకుని, గుటుక్కున మింగి, నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించింది. తర్వాత పక్కలకి తిప్పి చూపించింది.

"వదినా! అది చప్పరించేది!"

"మందు కాదా?"

"కాదు, తీపిబిళ్ళ."

ఆవిడ ముద్దమాటలతో, ఒక్కొక్కటీ వెతుక్కుంటూ అంది: "అదే చూస్తున్నా. అమ్మది పొద్దున్న అయిపోయింది. తమ్ముడిది సాయంత్రం కదా. నీది కూడా మొదలైందేమో అనుకున్నా."

నా నోట్లో బిళ్ళ చప్పగా అయిపోయింది.

"అమ్మది ఏ రంగు వదినా?"

"తెల్లది. ఈమధ్య ఒకటిన్నర ఇస్తోంది."

"ఆయనది?"

"పసుపుది."

సాయంత్రం మా ఆయన రాగానే అక్క గదిలోకి వెళ్ళబోతుంటే చొక్కా పట్టుకుని ఆపాను. "జేబులోది తియ్యండి," అన్నాను. తేలు కుట్టిన దొంగలా చూశారు. అత్తయ్య దగ్గరికి వెళ్ళి, "అత్తయ్యా, మీరు దాచిందీ తియ్యండి," అన్నాను. కోడలు అలా అడగడం ఆవిడకి కొత్త. నాకూ కొత్తే. ఆవిడ బియ్యం డబ్బా అడుగు నుంచి గుడ్డ మూట తీసింది. ఆసుపత్రిలో కొంగు కింద దాచుకుని తెచ్చింది అదే.

భోజనాల బల్ల మీద తెల్ల మాత్రల అట్ట, పసుపు మాత్రల అట్ట పక్క పక్కన పెట్టాను. తల్లీ కొడుకులు ఒకరి వస్తువు ఒకరు మొదటిసారి చూస్తున్నారు.

"అవి ఎక్కడివమ్మా?"

"పెద్దాసుపత్రివి. ఒక్కరోజు కూడా ఆపొద్దన్నారు. నీకు కొత్తగా పెళ్ళైంది, నీకెందుకీ గోలని... మరి నీ దగ్గరున్నవి?"

"క్లినిక్ వాళ్ళవి. ఒక్కరోజు కూడా ఆపొద్దన్నారు. మెట్లెక్కి దిగలేవు, నీకెందుకు శ్రమని..."

"అయితే వేరు వేరు మందులు కదా. రంగు వేరు."

మా ఆయన దుకాణంలో వాడే చిన్న భూతద్దం జేబులోంచి తీసి కంటికి బిగించుకున్నారు. తెల్ల అట్ట తిప్పి వెనక అచ్చు చదివారు. పసుపు అట్ట తిప్పి చదివారు. మళ్ళీ తెల్లది చదివారు. కంటి నుంచి అద్దం తీసి, దాన్ని చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయారు.

"ఏరా? ఏం రాసుంది?"

ఆయన తుడుస్తూనే ఉన్నారు. గదిలోంచి అడుగులు వినబడుతున్నాయి. కిటికీ నుంచి తలుపుకి. తలుపు నుంచి కిటికీకి.

"కంపెనీ పేర్లే వేరమ్మా," అన్నారు చివరికి.

*

నర్సమ్మకి ఫోన్ చేస్తే తడుస్తూ వచ్చింది. అట్టలు రెండూ చూసి మొహం మీది వాననీళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. పెద్దాసుపత్రి వాళ్ళు ఇచ్చి పంపారని తన క్లినిక్‌కి ఎవరూ చెప్పలేదు. తనూ అడగలేదు.

"పసుపువి ఇవాళ్టి నుంచి ఆపేద్దాం. తెల్లది ఒక్కటే. కానీ ఒంట్లో పేరుకున్నది ఒక్కసారి దిగదు. వారంలో డాక్టరుగారి ముందుకి ఇలాగే వెళ్ళాలి."

"జరిగింది చెప్పేద్దాం," అన్నాను.

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. "చెబితే ఏమవుతుందో తెలుసా? ఇంట్లో వాళ్ళకి మందివ్వడం చేతకాదు, ఈ ఇల్లు పనికిరాదు అంటారు. పంపించేస్తారు. చెప్పకపోతే, మందు పడుతున్నా మనిషి ఇలా ఉంది, ఇల్లు పనికిరాదు అంటారు. పంపించేస్తారు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ వారమంతా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. తప్పు నీదంటే నీదని తల్లీ కొడుకులు గుసగుసలతో పోట్లాడుకున్నారు. అంతకు ముందు ఒకరికొకరు చెప్పుకోని మాటలన్నీ ఆ వారంలోనే అయిపోయాయి. "పెళ్ళాం నవ్వితే చాలు నీకు!" అంది అత్తయ్య ఒకసారి. "నువ్వు కూతురి ముందు కత్తి మెళ్ళో వేసుకుని తిరుగుతావు, అక్క నవ్వాలా?" అన్నారు ఆయన. ఇద్దరూ నా వైపు చూసి ఆగిపోయారు. నన్ను చూసి ఆగిపోవడం వల్లే ఇంత దాకా వచ్చిందని అరవాలనిపించింది. "ఆగకండి, కానివ్వండి," అన్నాను. అత్తయ్య సూది అందుకుంది, ఆయన వసారాలోకి వెళ్ళిపోయారు.

మా ఆయన గడియ మేకులు పీకేశారు. తలుపు తెరిచి ఉన్నా వదిన బయటికి రాలేదు.

*

క్లినిక్ బస్సుల డిపో వెనక. ఒకదానికొకటి అతికించిన ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి నిమ్మరంగు. ఒకళ్ళు కదిలితే వరసంతా కదులుతుంది. వదిన కాళ్ళు ఆగేవి కావు కదా, మేం నలుగురం ఊగుతూనే కూర్చున్నాం.

డాక్టరుగారు ముసలాయన, కోపం లేని మనిషి. అదే భయం వేసింది నాకు. కోపిష్టిని బతిమాలుకోవచ్చు. వదినని నడవమన్నారు. నడిచింది. చేతులు చాపమన్నారు. చాపింది, వణికాయి. నా పాదం మీది కట్టు చూశారు. పెన్ను మూత తీశారు.

"ఇంట్లో మందు ఎవరిస్తారు?"

"నేనండీ," అన్నారు మా ఆయన.

"నేను బాబూ," అంది అత్తయ్య, అదే క్షణంలో.

డాక్టరుగారు తలెత్తి ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. అత్తయ్య లేచి నిలబడింది. ఆ కుర్చీల వరసంతా మా కింద కదిలింది. "వాడికేం తెలీదు బాబూ. నేనే ఇచ్చాను. వాడిస్తున్నాడని తెలిసి కూడా నేనే ఇచ్చాను. నన్ను ఇంట్లోంచి పొమ్మనండి, పోతాను. ఎక్కడో ఒకచోట కుట్టుకుని బతుకుతాను. పిల్లని ఇంట్లో ఉండనివ్వండి."

"అబద్ధం సార్, అమ్మకి తెలీదు. రెండూ నా పొరపాటే..."

నర్సమ్మ గోడకి ఆనుకుని, నేల వైపు చూస్తూ, "పెద్దాసుపత్రి వాళ్ళూ ఇదే మందు ఇచ్చి పంపారేమోనని క్లినిక్ వైపు నుంచి మేమూ అడగలేదు సార్," అంది.

"రెండు మందులూ ఒకటేనని ఇంట్లో ఎవరికీ తెలీదా?"

"నాకు తెలుసు," అంది వదిన.

అందరం అటు తిరిగాం. ఆవిడ నేల వైపే చూస్తోంది. మాట ముద్దగా ఉన్నా తడబడలేదు.

"లోపల మాకు ఒక్కోసారి తెల్లది, ఒక్కోసారి పసుపుది. ఏది వస్తే అది. ఒకటే."

డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. "తెలిసి రెండూ మింగారా? కాళ్ళూ చేతులూ ఇలా అవుతుంటే ఇంట్లో చెప్పొచ్చు కదమ్మా?"

కుర్చీలు ఊగుతున్నాయి.

"పొద్దున్నే అమ్మ వస్తుంది. నా మంచం మీద కూర్చుంటుంది. నేను మింగేదాకా ఇక్కడ చెయ్యి వేస్తుంది," అని తన మోకాలు చూపించింది. "సాయంత్రం వాడొస్తాడు. కాసేపు ఉంటాడు. మిగతా పొద్దంతా ఎవరూ రారు. ఈ కొత్తపిల్ల తప్ప. ఒక మాత్ర వద్దంటే ఒకళ్ళు రావడం మానేస్తారు."

తలెత్తి డాక్టరుగారిని అడిగింది.

"ఎవర్ని రావద్దనను?"

మా ఆయన గోడ వైపు తిరిగిపోయారు. అత్తయ్య నిలబడే ఉంది, కూర్చోవడం ఎలాగో మర్చిపోయినట్టు.

డాక్టరుగారు ఏదో రాశారు, కొట్టేశారు, మళ్ళీ రాశారు. "వెనక్కి పంపడానికి నాకు కారణం కనబడట్లేదు," అన్నారు. "ఇంట్లోనే ఉంచెయ్యమని రాయడానికి కూడా ధైర్యం చాలట్లేదు. చలికాలం వెళ్ళేదాకా చూద్దాం. ఇక మీ ఇంట్లో ఒక్క మాత్ర ఉండకూడదు. నెలకోసారి ఇక్కడికి తీసుకురండి, సూదిమందు ఇస్తారు. మందు బాధ్యత మీది కాదు."

బాధ్యత మీది కాదన్న మాటకి నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మెట్లు దిగుతూ మా ఆయన చెయ్యి గిల్లాను. ఆయన నవ్వబోయి, వెనక వస్తున్న వాళ్ళమ్మని చూసి మానుకున్నారు. సాయంత్రం నర్సమ్మ వచ్చి, గుడ్డమూటతో సహా మాత్రలన్నీ పట్టుకుపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. రేకుల మీద చప్పుడు లేదు. వానలు వెళ్ళిపోయాయి. వంటింట్లో అలికిడైతే లేచి వెళ్ళాను. అత్తయ్య గ్లాసులో మంచినీళ్ళు నింపుకుని, రెండో చెయ్యి బియ్యం డబ్బా మూత మీద పెట్టి, అలాగే నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో. నన్ను చూసి ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది.

"దీనికి అలవాటైపోయింది," అంది, చేతిదే తప్పన్నట్టు.

"వెళ్ళండి అత్తయ్యా. లేచే ఉంటుంది."

ఆవిడ గది వైపు చూసింది. గ్లాసు వైపు చూసింది. ఇన్నేళ్ళలో కూతురి దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్ళిన రోజు గుర్తు తెచ్చుకుంటోందేమో, మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది.

"ఏం పట్టుకుని వెళ్ళనే దాని దగ్గరికి?"

ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టేసింది. తడి లేకపోయినా చేతులు కొంగుకి తుడుచుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, తలుపు తెరిచే ఉన్నా, దాని ముందు నిలబడిపోయింది.

ఆవిడ భుజం మీంచి నాకు లోపల మంచం కనిపిస్తోంది. వదిన లేచే ఉంది. మమ్మల్ని చూసింది. బిగుసుకుపోయిన కాళ్ళని రెండు చేతులతో పట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి లాక్కుని, గోడ వైపు జరిగింది. వాళ్ళమ్మ కదల్లేదు. వదిన కాస్త ఆగి, ఇంకొంచెం జరిగింది.